ఓల్డ్ బ్యాలెన్స్ రెండుసార్లు కొట్టాలె

(నల్లగొండలో ఒక డిగ్రీ కాలేజీ కామర్స్ విద్యార్థుల ముందు, రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఒకరు, ఖాతాల లెక్కలు కూడి అచ్చేసే పాత బరోస్ బుక్‌కీపింగ్ మిషన్‌ను టేబుల్ మీద పెట్టుకొని చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసింది. తడబాట్లు తీసేశాం, మాట తీరు మార్చలేదు.)

అందరికి నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, కామర్స్ సార్లకు, మేడంలకు నమస్కారం. పిల్లలూ, వెనక బెంచీల మీద కూచున్నోళ్లు ముందుకు రండి. ఇంకా రండి. నేను చెప్పేది వెనక నుంచి కూడ వినపడతది, గాని ఈ మిషన్‌ను దూరం నుంచి చూస్తే ఏం తెల్వదు. దగ్గరికి వచ్చి చూడాలె, చెయ్యి పెట్టి చూడాలె.

పొద్దున దీన్ని ఆటోలో నుంచి దించుతుంటే మీలో నలుగురు వచ్చి చెయ్యేసిండ్రు. ఒకరు టైప్‌రైటరా సార్ అని అడిగిండ్రు. ఒకరు దుకాణంలో పైసలు లెక్కపెట్టేదా అన్నరు. ఇద్దరు చెప్పింది సగం సగం నిజమే. ఇగో, పైన ఇటు అటు జరిగేది ఉన్నది చూడండి, దీన్ని క్యారేజ్ అంటరు. టైప్‌రైటర్‌కు ఉన్నట్లే, గాని చాలా వెడల్పు. కింద మీటలు ఉన్నయి. అక్షరాలు లేవు, అన్నీ అంకెలే. ఒక్కో వరుసలో కింద 1, దాని మీద 2, 3, అట్ల 9 దాకా. ఇట్ల పక్కపక్కన ఎన్ని వరుసలు ఉన్నయో చూడండి. పైసల వరుసలు రెండు, తర్వాత రూపాయల ఒకట్లు, పదులు, వందలు, వేలు.

ఇప్పుడు ఒకటి అడుగుత. ఇందులో లేని అంకె ఏంది? చూసి చెప్పండి. ... సున్న. సున్న మీటే లేదు. లెక్కలు చేసే మిషన్‌కు సున్న లేకుంటే ఎట్ల? ఐదు వేలు కొట్టాలంటే ఎట్ల కొడతరు?

వేల వరుసలో 5 ఒక్కటి నొక్కుతరు. అంతే. మిగిలిన వరుసల్లో ఏం నొక్కకపోతే ఆ చోట మిషన్ తానే సున్న అచ్చేస్తది. మీ ఫోన్‌లో ఐదు వేలకు నాలుగుసార్లు నొక్కాలె, పైసలతో అయితే ఇంకో రెండు సున్నలు. దీంట్లో ఒకటే దెబ్బ. అలవాటైన చెయ్యి అయితే రెండు మూడు వేళ్లతో రెండు మూడు వరుసలు ఒకేసారి నొక్కుతది, హార్మోనియం మీద పట్టు పట్టినట్లు. నేను అట్ల కొట్టిన్నాడు నా వయసు ఇరవై నాలుగు.

ఈ మిషన్ సంగతి చెప్పే ముందు మా నాయన సంగతి చెప్పాలె. ఎందుకంటే నాకు ఈ మిషన్ మీద ఇంత ప్రేమ ఎందుకో అప్పుడే మీకు తెలుస్తది.

మాది పాలమూరు దిక్కు. జడ్చర్ల పక్కకు. మా నాయన పల్లికాయ పండించి బాదేపల్లికి తీసుకపోయి ఆడ్తి దుకాణంలో, అంటే కమీషన్ మీద పంట అమ్మిపెట్టే దుకాణంలో, వేసేటోడు. ఆ దుకాణం పేరు నేను చెప్ప. పైసలు చేతికి వచ్చేటివి కావు. ఖాతాలో జమ అయ్యేటివి. మళ్ల మాకు ఎరువుకు, బట్టకు, అక్క పెండ్లికి కావలసినప్పుడు అదే ఖాతా నుంచి తెచ్చుకునేది. నాయనకు చదువు రాదు. ఇంట్లో దేవుని గూడు పక్కన గోడకు బొగ్గుతో గీతలు గీసేటోడు. నిలువు గీత అంటే బస్తా ఇచ్చినట్లు, అడ్డగీత అంటే పైసలు తెచ్చుకున్నట్లు. ఎవ్వరు తుడవొద్దు, సున్నం వెయ్యొద్దు. అమ్మ సంక్రాంతికి ఇల్లంత అలికేది, ఆ గోడ మాత్రం విడిచిపెట్టేది.

దుకాణంలో గుమాస్తా దగ్గర చిట్టా ఉండె, ఆవర్జా ఉండె. చిట్టా అంటే రోజువారీ లెక్క. ఆవర్జా అంటే ఒక్కొక్కరి ఖాతా, మీరు లెడ్జర్ అనేది. రోజూ చిట్టా రాస్తరు. దాంట్లో నుంచి ఆవర్జాకు ఎప్పుడు ఎక్కిస్తరు? తీరినప్పుడు. నిలువ ఎప్పుడు తీస్తరు? దీపావళికి. సంవత్సరంలో ఒక్కసారి. నడుమ నాయన పోయి నా లెక్క ఎంత ఉన్నదయ్యా అంటే, చూస్తం లే, దీపావళికి చూస్తం లే అనేటోళ్లు. దీపావళికి పోతే ఒక అంకె చెప్పేటోళ్లు. ఆ అంకె ఎట్ల వచ్చిందో అడిగితే చూపెట్టేది లేదు. మా గోడ మీది లెక్కకు, ఆ అంకెకు ఏ ఒక్క ఏడు కూడ పొంతన కుదరలేదు.

వాళ్లు మోసం చేసిండ్రా, లెక్క తప్పిండ్రా, నేను ఈనాటికీ చెప్పలేను. మోసం చేసిండ్రు అని చెప్పడానికి కూడ ఒక కాగితం కావాలె కదా. ఆ కాగితం మా దగ్గర లేదు.

ఆ లెక్కలు కూడ ఇప్పటి లెక్కల లాంటివి కావు, అది గుర్తు పెట్టుకోండి. రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు. రూపాయికి నూట తొంభై రెండు పైలు. వంద పైసల రూపాయి వచ్చింది 1957 ఏప్రిల్ 1న. మన హైదరాబాద్ సంస్థానంలో ఇంకో చిక్కు ఉండె. మన రూపాయి వేరు, హాలీ సిక్కా. బయట నడిచే ఇండియా రూపాయి వేరు, దాన్ని కల్దార్ అనేటోళ్లు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు. 1950లో ఇండియా రూపాయి మనకు వచ్చినంక కూడ 1959 దాకా హాలీ పక్కపక్కన నడిచింది. అంటే వంద కల్దార్‌కు హాలీలో ఎంత? నూట పదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైలు. ఈ లెక్క ఎద్దుబండి మీద ఊరికి పోతున్న రైతు నోటితో చెయ్యాలె. గుమాస్తాకు ఇది వేళ్ల మీద ఉంటది. ఎవరి చేతిలో లెక్క ఉన్నదో వాళ్ల చేతిలో మనిషి ఉన్నట్లే.

ఇగ మిషన్‌కు వద్దాం.

దీన్ని కనిపెట్టినాయన కూడ బ్యాంకు గుమాస్తానే. విలియం సీవర్డ్ బరోస్. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో ఆబర్న్ అనే ఊళ్లె బ్యాంకులో పనిచేసిండు. రోజంతా కూడికలు, చేసిన కూడికలను మళ్ల సరిచూసే కూడికలు, తప్పు ఎక్కడున్నదో వెతికే కూడికలు. ఆ పని మనిషిని ఎట్ల తింటదో నాకు తెలుసు. ఆయన ఆరోగ్యం బాగలేక ఆ కొలువు విడిచి సెయింట్ లూయిస్ అనే పట్నం పోయిండు. అక్కడ ఈ కూడికల మిషన్ మీద పడ్డడు. 1886లో కంపెనీ పెట్టిండ్రు, 1888లో పేటెంట్ వచ్చింది.

మొదటి మిషన్లకు కరెంటు లేదు. పక్కన పిడి ఉంటది, గుంజాలె. ఏమైందంటే, మెల్లగ గుంజినోళ్లకు ఒక జవాబు, జోరుగ గుంజినోళ్లకు ఇంకో జవాబు వచ్చేది. ఆలోచించండి. లెక్కల మిషన్ మనిషి చెయ్యి బట్టి జవాబు మారుస్తే ఏం లాభం? మంది తిప్పి పంపిండ్రు. అప్పుడు ఆయన ఏం చేసిండంటే, లోపల నూనె నింపిన చిన్న సిలిండర్ పెట్టిండు. ఇంట్లో తలుపు తనంతట తాను మెల్లగ మూసుకోవడానికి పైన బిగిస్తరు కదా, తలుపును ఎంత జోరుగ విసిరినా అది తన పద్ధతిలోనే మూసుకుంటది. అదే పద్ధతి. పిడి ఎవరు గుంజినా, కోపంతో గుంజినా, ఓపికతో గుంజినా, లోపలి చక్రాలు ఒకే వేగంతో తిరుగుతయి. నాకు ఈ ఒక్క సంగతి చాలా ఇష్టం. కొట్టేటోడు ఎవరైనా సరే, లెక్క మాత్రం ఒకటే రావాలె.

ఆయన 1898లో పోయిండు. కంపెనీ పెద్దగ పెరిగింది చూడలేదు. 1904లో కంపెనీ డెట్రాయిట్‌కు మారింది. కూడికల మిషన్‌కు మోటరు వచ్చింది, తీసివేత వచ్చింది, క్యారేజ్ వచ్చింది. ఇప్పుడు మీ ముందున్న ఈ రకం, సెన్సిమాటిక్, 1950లో బయటికొచ్చింది. కంపెనీ తర్వాత కంప్యూటర్లు కూడ చేసింది. 1986లో స్పెర్రీ కంపెనీతో కలిసి యూనిసిస్ అయ్యింది. ఆ కథ వేరే.

నేను బ్యాంకులో చేరింది 1972లో. అంతకు మూడేండ్ల ముందు, 1969 జూలై 19న, పద్నాలుగు బ్యాంకులను జాతీయం చేసిండ్రు. ఆ తర్వాతనే మాలాంటి పల్లెటూరి పిల్లలకు బ్యాంకు కొలువులు దొరికినయి. నన్ను హైదరాబాద్‌లో ఒక పెద్ద బ్రాంచిలో వేసిండ్రు. కరెంట్ ఖాతాలు ఎక్కువ, రోజూ వందల చెక్కులు. అక్కడ ఉండె ఈ మిషన్. దాని మీద కూచునేటోళ్లకు జీతంతో పాటు స్పెషల్ అలవెన్స్ ఉంటది. అందరు ఎగబడ్డరు అనుకుంటరా? ఎవ్వరు ముందుకు రాలేదు. ఆ చప్పుడుకు చెవులు పోతయని కొందరు, తప్పు జరిగితే పేరు మనదే వస్తదని కొందరు. నేను చెయ్యెత్తిన.

పని ఎట్ల ఉంటదో ఇప్పుడు మెల్లగ చెప్త. ఇది జాగ్రత్తగ వినండి, మీ సిలబస్‌లో ఇంత వివరంగ ఉండదు.

నా ఎడమ దిక్కు ఒక ట్రే. దాంట్లో లెడ్జర్ షీట్లు నిలువుగ, ఖాతా నంబర్ల వరుసన. కుట్టిన పుస్తకం కాదు, విడి విడి షీట్లు. ఒక్కో ఖాతాకు ఒక షీటు, దాని ఎనక ఖాతాదారునికి పంపే స్టేట్‌మెంట్. నా కుడి దిక్కు ఓచర్లు, చెక్కులు, జమ చీటీలు, అవి కూడ అదే వరుసన సర్ది పెట్టుకున్నవి. ఓచరు తీసుకుంట, దాని నంబరు చూసి ట్రేలో నుంచి ఆ షీటు గుంజుత. స్టేట్‌మెంట్ పైన, కార్బన్ నడుమ, లెడ్జర్ కింద. ఇట్ల ముందు నుంచి క్యారేజ్‌లోకి దించుత. ఇగో ఈ సందు నుంచి. దాని ఎనక, ఈ రోలరు చుట్టు ముందుగాలనే ఒక పెద్ద కాగితం చుట్టి ఉంటది, దాన్ని జర్నల్ అంటరు. అది రోజంతా అక్కడనే ఉంటది. అంటే నేను ఒక్క అంకె కొడితే ఎన్ని కాగితాల మీద పడ్తది? మూడు. ఖాతాదారుని కాగితం మీద, బ్యాంకు లెడ్జర్ మీద, ఆ రోజు జర్నల్ మీద. ఒకటే దెబ్బ, మూడు కాగితాలు.

ఇది అర్థమైందా? బ్యాంకు పుస్తకంలో ఉన్న అంకె, ఖాతాదారుని చేతిలో ఉన్న అంకె వేరు వేరు కావడానికి వీల్లేదు. వేరే వేరేగా రాస్తే కదా వేరు అయ్యేది. రాసిందే ఒక్కసారి. మొదటి రోజు ఇది చూసి నాకు మా గోడ యాదికొచ్చింది. మా నాయన గీత, గుమాస్తా గీత ఒకే దెబ్బకు పడి ఉంటే ఎట్ల ఉండేదో అనుకున్న.

షీటు పెట్టినంక ఏం కొడతం? ముందు ఓల్డ్ బ్యాలెన్స్. కింది లైనులో ఆఖరున ఉన్న నిలువను చూసి కొట్టాలె. మోటర్ బార్ నొక్కితే, ఇగో ఈ పొడుగు మీట, మోటరు తిరుగుతది, క్యారేజ్ దానంతట అదే తర్వాతి కాలమ్‌కు ఉరుకుతది. అక్కడ చెక్కు మొత్తం కొట్టాలె. అది తీసివేత అని నేను చెప్పనవసరం లేదు, ఆ కాలమ్‌కు వచ్చిందంటే తీసివేతే అని మిషన్‌కు తెలుసు. తర్వాత జమ కాలమ్. తర్వాత తేదీ, అది తానే అచ్చేస్తది. ఆఖరుకు కొత్త బ్యాలెన్స్. దానికి నేను ఏం కొట్టను. చేతులు ఎత్తి కూచుంట. మిషన్ తానే కూడి, తీసేసి, అచ్చేస్తది. ఖాతాలో పైసలకంటే ఎక్కువ తీసినట్లయితే ఆ అంకె ఎర్రగ పడ్తది. ఎర్ర అంకె పడగానే ఆఫీసరును పిలవాలె.

ఏ కాలమ్‌లో ఏం చెయ్యాలనో దానికి ఎట్ల తెలుసు? దీని ఎనకకు రండి. ఇటు దిక్కు రండమ్మా. క్యారేజ్ కింద ఈ ఇనుప పలక చూడండి. దీని నుంచి కిందికి పిన్నులు దిగి ఉన్నయి. కొన్ని పొట్టివి, కొన్ని పొడుగువి. క్యారేజ్ ఒక కాలమ్ దగ్గర ఆగంగనే ఆ కాలమ్ పిన్నులు కింద ఉన్న మీటలను తాకుతయి. ఇంత పొడుగు పిన్ను తాకితే కూడు, ఇంత తాకితే తియ్యి, ఇక్కడ అచ్చెయ్యి, ఇక్కడ దాటిపో. సెన్సిమాటిక్ అనే పేరు అందుకే వచ్చింది, తాకి తెలుసుకుంటది. ముందు దిక్కు ఈ గుండీ తిప్పితే అదే పలక మీద నాలుగు రకాల పనులు ఎంచుకోవచ్చు. ఒక దిక్కు తిప్పితే బ్యాంకు ఖాతాలు, ఇంకో దిక్కు తిప్పితే జీతాల లెక్క. పలకనే తీసి వేరేది పెడితే వేరే నాలుగు పనులు. మీలో కంప్యూటర్ కోర్సు చదివేటోళ్లు ఉన్నరా? మీరు ప్రోగ్రామ్ అంటరు చూడు, కంటికి కనపడని దాన్ని? ఇది ప్రోగ్రామ్. చేతితో తాకి చూడండి. అన్ని పిన్నులు ఒక్కసారి వేలితో నిమిరి చూడండి.

జీతాల లెక్క అన్న కాబట్టి ఒకటి. మీ జిల్లాలోనే నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న పునాది రాయి వేసిండ్రు. రాతి కట్ట అది, మనుషులు మోసి కట్టింది. మా పాలమూరు మంది ఎంతమంది వచ్చి పనిచేసిండ్రో. వాళ్లందరి కూలి మస్టర్ రోల్‌లో, అంటే కూలీల హాజరు పట్టీలో, చేతితో రాసి, వేలిముద్ర తీసుకొని ఇచ్చేది. ఒక్కొక్క పేరుకు ఎన్ని రోజులు, ఎంత రేటు, ఎంత కోత, ఎంత చేతికి. మీ ఇండ్లల్లో పెద్దోళ్లు ఉంటే అడగండి, ఆ లెక్క వాళ్లకు ఎవరన్నా చదివి వినిపించిండ్రా అని.

సరే, ఇప్పుడు అసలు మాటకు వస్త. ఇంత తెలివైన మిషన్ కదా, దానికి తెల్వంది ఏంది?

ఓల్డ్ బ్యాలెన్స్.

కింద లైనులో ఉన్న నిలువను అది చదవలేదు. మనిషి చూసి కొట్టాలె. నేను 4,250 చూసి 4,520 కొట్టిన అనుకో. మిషన్ ఏమన్నా అంటదా? అనదు. 4,520 నుంచి శుద్ధంగ కూడి తీసి, తప్పు బ్యాలెన్స్‌ను చక్కగ అచ్చేస్తది. అంకెలు ముత్యాల్లెక్క ఉంటయి. చేతిరాతలో తప్పు ఉంటే కొట్టివేత కనపడ్తది, అనుమానం వస్తది. మిషన్ అచ్చు మీద ఎవ్వరికి అనుమానం రాదు. అందుకే ఇది చేతిరాత తప్పు కన్నా ప్రమాదం.

దీనికి మందు ఏందంటే, ఓల్డ్ బ్యాలెన్స్ రెండుసార్లు కొట్టాలె. మా బ్రాంచిలో పద్ధతి అది. కొత్త బ్యాలెన్స్ పడినంక క్యారేజ్ ఇంకో కాలమ్‌కు పోతది. అక్కడ మళ్ల పాత నిలువను చూసి కొట్టాలె. మొదట కొట్టింది లోపల ఒక దిక్కు దాచి ఉంటది, రెండోసారి కొట్టింది అందులో నుంచి తీసేస్తది. రెండూ ఒకటే అయితే ఏం మిగుల్తది? సున్న. సున్నలు పడితే సరి. ఏదన్నా అంకె పడిందంటే రెండింట్లో ఒకటి తప్పు.

నాకు నేర్పిన పెద్దాయన ఒక మాట చెప్పిండు. రెండోసారి కొట్టేటప్పుడు మొదటిసారి కొట్టింది యాది చేసుకొని కొట్టొద్దు, షీటు మీద మళ్ల చూసి కొట్టు అన్నడు. ఇది చెప్పినంత తేలిక కాదు. అంకె నోట్లోనే ఉంటది కదా, చెయ్యి దాన్నే కొడతది. తప్పును కూడ రెండుసార్లు ఒకే తీరుగ కొడతది. సున్నలు పడ్తయి, మనం సంబరపడతం. కొత్త కండ్లతో చూడడం నేర్వడానికి నాకు ఆరు నెలలు పట్టింది. నేను ఏం చేసేదంటే, రెండోసారి చూసే ముందు ఒకసారి గోడ గడియారం దిక్కు చూసి, మళ్ల షీటు చూసేటోణ్ని.

కౌంటర్ మూసినంక సాయంత్రం మొత్తాలు తీస్తం. ఆ రోజు కొట్టిన చెక్కులన్నిటి మొత్తం మిషన్ లోపల చక్రాల మీద ఉంటది. జమలన్నిటి మొత్తం ఇంకో చక్రాల మీద. వాటిని అచ్చేసి, ఓచర్లను విడిగా కూడిన మొత్తంతో పోల్చాలె. రెండు టాలీ అయితే ఇంటికి పోవచ్చు.

ఇంత చేసినా ఒక తప్పు మాత్రం దొరకకుండ పోతది. మీలో ఎవరన్నా చెప్పగలుగుతరా? ... ఆ, వెనక ఆ అమ్మాయి చెప్పింది. ఇంకోసారి గట్టిగ చెప్పు తల్లీ. అందరు విన్నరా? వేరే మనిషి ఖాతాలో వేస్తే. శభాష్. ఓల్డ్ బ్యాలెన్స్ రెండుసార్లు కొట్టిన, సున్నలు వచ్చినయి, మొత్తాలు టాలీ అయినయి, అంతా సరిగ్గనే ఉన్నది. గాని పైసలు పడింది పక్కోని ఖాతాలో.

అది నా చేతి మీదుగానే జరిగింది. 1974లో. ఇద్దరు ఖాతాదారులు, ఇంటిపేరు ఒకటే, పేరు ఒకటే. ఒకాయన పెన్షన్ తీసుకునే పెద్దమనిషి, ఇంకొకాయన దుకాణదారు. ఖాతా నంబర్లలో ఆఖరు అంకె ఒక్కటే తేడా. పెద్దమనిషి జమను నేను దుకాణదారు షీటులో కొట్టిన. రెండు రోజులకు పెద్దమనిషి ఇచ్చిన చెక్కు పైసలు లేవని వాపసు పోయింది. ఆయన కిరాయి చెక్కు అది. ఇంటి ఓనరు వాకిట్లో నిలబడి అందరి ముందు మాట్లాడిండంట.

ఆయన కౌంటర్ దగ్గరికి వచ్చిండు. అరవలేదు. చొక్కా జేబులో నుంచి మడిచిన జమ చీటీ రశీదు తీసిండు, దాని పక్కన మా స్టేట్‌మెంట్ పెట్టిండు. ఈ కాగితంలో ఉన్నది, ఈ కాగితంలో ఎందుకు లేదు బాబూ అన్నడు. అంతే అన్నడు.

నేను జర్నల్ తీసిన. మూడో కాగితం అన్న కదా, అది. ఆ రోజు కొట్టిన ప్రతి లైను వరుసన దాంట్లో ఉంటది. పది నిమిషాల్లో దొరికింది. సరిచేసి, ఆయనకు కుర్చీ వేసి, మేనేజరు ఓనరుకు చీటీ రాసిచ్చిండు. పెద్దమనిషి పోయిండు గాని నాకు వారం దాకా బుక్క దిగలేదు. ఆ తర్వాత మేము రెండోసారి కొట్టేటప్పుడు ఓల్డ్ బ్యాలెన్స్‌తో పాటు ఖాతా నంబరు కూడ కొట్టడం మొదలుపెట్టినం. సాయంత్రం ఆ నంబర్లన్నీ కూడి, ఓచర్ల మీది నంబర్లు కూడి పోల్చేది. ఖాతా నంబర్ల మొత్తానికి అర్థమేమన్నా ఉంటదా? ఉండదు. గాని రెండు మొత్తాలు ఒకటి కాకపోతే ఏదో షీటు మారినట్లే.

ఒకటి గమనించండి. ఆయన చేతిలో కాగితం ఉండె. అందుకే అడగగలిగిండు. మా నాయనకు ఉండెనా?

1978లో నన్ను నల్లగొండకు బదిలీ చేసిండ్రు. ఇక్కడ గడియారం సెంటర్‌కు నడిచిపోయే దూరంలో ఉండె మా బ్రాంచి. మిషన్ లేదు. పెద్ద పెద్ద కుట్టు లెడ్జర్లు, రెండు చేతులతో ఎత్తాలె. అంతా చేతిరాత. నెలకోసారి బ్యాలెన్సింగ్. సేవింగ్స్ ఖాతాలన్నిటి నిలువలు కూడితే జనరల్ లెడ్జర్‌లో, అంటే బ్రాంచి మొత్తం లెక్కల పుస్తకంలో, ఉన్న మొత్తం రావాలె. వస్తదా? రాదు. ఇరవై ఏడు రూపాయల తేడా. రాత్రి తొమ్మిదైతది, బస్సులు పోతయి, తేడా దొరకదు.

అక్కడ నేర్చుకున్న కిటుకు చెప్త, రాసుకోండి, మీకు ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో కూడ పనికొస్తది. తేడా తొమ్మిదితో పోతదా చూడండి. పోతే, ఎక్కడనో రెండు అంకెలు తారుమారు అయినట్లు. ఇరవై ఏడు తొమ్మిదితో పోతది, మూడుసార్లు. అంటే తారుమారైన రెండు అంకెల నడుమ తేడా మూడు. పద్నాలుగు రాయాల్సినచోట నలభై ఒకటి రాసి ఉంటరు, ఇరవై ఐదు కాడ యాభై రెండు రాసి ఉంటరు. అట్లాంటివి వెతకాలె. తేడా తొమ్మిదితో పోకపోతే, సగం చెయ్యండి. ఆ సగం మొత్తం ఏ ఓచరు మీదన్నా ఉన్నదా చూడండి. ఉంటే, జమలో వేసేది ఖర్చులో వేసినట్లు. ఈ రెండు చూసినంకనే మొదటి పేజీ నుంచి వెతకడం.

1983లో కంప్యూటర్లు పెట్టే సంగతి మీద బ్యాంకుల యాజమాన్యాలకు, ఉద్యోగ సంఘాలకు ఒప్పందం అయ్యింది. తర్వాత అదే సంగతి మీద రిజర్వు బ్యాంకు వేసిన రంగరాజన్ కమిటీ 1984లో నివేదిక ఇచ్చింది. ఎలక్ట్రానిక్ లెడ్జర్ పోస్టింగ్ మిషన్లు వచ్చినయి. వాటికి ఓల్డ్ బ్యాలెన్స్ కొట్టనవసరం లేదు, అదే గుర్తుపెట్టుకుంటది. మాకు పండుగ లెక్క ఉండె. నేను అబద్ధం చెప్ప, నాకు కూడ సంతోషమే. కండ్లు మంట తగ్గినయి. కొలువులు పోతయని సంఘంలో పెద్ద గడబిడ అయ్యింది, ఆ భయం ఉత్తదేం కాదు, గాని దాని గురించి చెప్పాలంటే ఇంకో రోజు కావాలె. పాత బరోస్ మిషన్లు ఒక్కొక్కటే మూలకు పోయినయి.

ఈ మిషన్ నాకు దొరికింది పాత ఇనుము దుకాణంలో. కిలోల లెక్కన తూచి కొన్న. లోపలి నూనె ఎండి బంక లెక్క అయ్యింది. ఒక్క మీట కిందికి పోదు, పోయిందంటే మళ్ల పైకి రాదు. ఈ మిషన్లు చెడిపోయేది అరిగిపోయి కాదు, నూనె గట్టిపడి. విరిగిందని అనుకొని ఇనుము కింద అమ్మేస్తరు. హైదరాబాద్‌లో టైప్‌రైటర్లు బాగుచేసే ఒకాయన దగ్గర కూచొని, కిరోసిన్‌లో ముంచిన బ్రష్షుతో ఒక్కొక్క రేకు తోమినం. ఎన్ని ఆదివారాలు పట్టినయో లెక్క పెట్టలేదు. స్ప్రింగులు సాలెగూడు లెక్క ఉన్నయి లోపల, ఒకటి జారి కింద పడితే ఎక్కడిదో తెలుసుకునేసరికి పొద్దు గూకేది. పైసల వరుసలో ఒకదాంట్లో అంకె ఇంకా సగమే పడ్తది, చూస్తరు మీరు. మిగతావి పనిచేస్తున్నయి.

ఆ అమ్మాయి ఎక్కడ? సమాధానం చెప్పిన అమ్మాయి. రా తల్లీ, ఇక్కడ కూచో. భయపడకు, షాక్ కొట్టదు. చప్పుడుకు మాత్రం ఉలిక్కిపడతవు.

ఈ షీటు చూడు. ఆఖరు లైనులో ఎంత ఉన్నది? నాలుగు వేల రెండు వందల యాభై రూపాయల డెబ్బై ఐదు పైసలు. కొట్టు. వేలలో 4, వందలలో 2, పదులలో 5. ఒకట్లలో? ఏం నొక్కకు. పైసలలో 7, 5. మోటర్ బార్ నొక్కు. ... అట్ల. ఇప్పుడు చెక్కు, పదమూడు వందలు. 1, 3, అంతే. నొక్కు. జమ, ఆరు వందల ఇరవై ఐదు రూపాయల యాభై పైసలు. పైసలలో ఒక్క 5 చాలు. నొక్కు. ఇప్పుడు చేతులు తియ్యి. మిగతావాళ్లు నోటితో లెక్కెయ్యండి, మిషన్ కన్నా ముందు చెప్పండి చూద్దాం.

మూడు వేల ఐదు వందల డెబ్బై ఆరు రూపాయల పావలా. అచ్చు పడింది, చూడండి, 3,576.25. ఆ 5 సగం పడింది, నేను చెప్పిన వరుస అదే.

ఇంకా లేవకు తల్లీ. క్యారేజ్ ఎక్కడ ఆగిందో చూడు. మళ్ల ఓల్డ్ బ్యాలెన్స్ అడుగుతున్నది. యాది చేసుకొని కొట్టకు. షీటు దిక్కు చూడు, చూసి కొట్టు.